నడిపన్నయ్య బండి

వదిన షెడ్డులోకి వస్తూనే సంచీలోంచి మడత పెట్టిన తెల్ల దుప్పటి తీసి మరిది ముక్కు దగ్గర పెట్టింది.

"వాసన చూడు చిన్నా."

మెకానిక్కు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ వంగాడు. సబ్బు వాసన, ఇస్త్రీ వేడికి బట్టకి పట్టే వాసన, వాటి అడుగున సన్నగా ఇంకోటి.

"నాకేం తెలుస్తుందొదినా. నా ముక్కుకి లోకమంతా డీజిలు వాసనే."

"నీకు తెలీకపోయినా ఆస్పత్రి నర్సమ్మకి తెలిసింది. మూట మొత్తం తిప్పి పంపింది. ఇది కప్పుకుంటే పేషెంట్లకి బంకులో పడుకున్నట్టుంటుందట. ఇంకోసారి ఇలా తెస్తే వేరే లాండ్రీ చూసుకుంటానంది."

బయట పాత వ్యాను ఇంజను ఆపకుండానే ఉంది. ఆపితే మళ్ళీ స్టార్టవడం కష్టమని వదిన అలాగే వదిలి వచ్చింది. అతను వెళ్ళి బానెట్ ఎత్తి, తల పక్కకి వాల్చి విన్నాడు. ఇంజను చప్పుడులో చప్పుడుగా, పళ్ళ సందులోంచి ఊపిరి వదిలినట్టు ఒక చిన్న కూత వస్తోంది. లోపలికి డీజిలు చిమ్మే మూడో ఇంజెక్టరు చుట్టూ నల్లటి మసి తారులా పేరుకుని, దానిమీద డీజిలు చెమ్మగా మెరుస్తోంది. అతనికి ఇంకేమీ చూడక్కర్లేదు. ఇంజెక్టర్ల కింద ఉండే రాగి వాషర్లు నలిగిపోయాయి. పైన రబ్బరు రింగులు ఎండిపోయాయి. పని ఓపికతో చెయ్యాలి గానీ, పెద్ద జబ్బు కాదు.

ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఉంచి వెళ్ళు. చల్లారాక విప్పి చూస్తా," అన్నాడు.

"ఎప్పటికవుతుంది?"

"చూశాక చెప్తా."

ఆమె వ్యాను వెనక తలుపు తెరిచి, ఉతకాల్సిన దుప్పట్ల మూటలు ఒక్కొక్కటే రోడ్డు వారకి దించుకుంది. అతను సాయం వెళ్ళేలోపే ఆఖరి మూట కూడా దించేసింది. నడిపన్నయ్య ఉన్నప్పుడు ఆమె ఇంటి దగ్గర ఉతుకులూ ఇస్త్రీలూ చూసుకునేది, బండి ఆయన తిప్పేవాడు. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఈలోపే ఆమె నడుం వంచే తీరు మారిపోయిందని అతనికి అనిపించింది. మోయడం అలవాటైన వాళ్ళు వంగినట్టు వంగుతోంది.

సాయంత్రం అతను పెద్దన్నయ్య ఇంటికి వెళ్ళాడు. రమ్మని పొద్దుటే కబురొచ్చింది. వదిన బండి సంగతేనని కూడా తెలుసు. ఆ కబురే పొద్దున వదిన ముందు అతని నోరు కట్టేసింది.

పెరట్లో కొత్తగా వేసిన రేకుల పందిరి కింద పెద్దన్నయ్య చీపురు పట్టుకుని ఊడుస్తున్నాడు. ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి, ఇస్త్రీ చొక్కా మోచేతుల దాకా మడుచుకుని, లేని చెత్తని ఊడుస్తున్నాడు. వంటింటి గుమ్మంలోంచి పెద్దొదిన అంది: "ఆ పందిరి పుణ్యమా అని కాస్త కుదురుగా ఉన్నారయ్యా. లేకపోతే ఇంట్లో కాలుకాలిన పిల్లిలా ఒకటే తిరగడం."

పెద్దన్నయ్య ఆ మాట వినిపించుకోలేదు. "బండి సరిగ్గా ఇందులో పడుతుందిరా. కొలిచాను. ఇంతకీ ఏమైందట దానికి?"

"ఇంజెక్టర్లు లీకవుతున్నాయన్నయ్యా. కింద రాగి వాషర్లుంటాయి, మన చొక్కా గుండీలంత. అవి మారిస్తే చాలు."

"మార్చకు."

మెకానిక్కు తల దించుకున్నాడు.

"ఇంక దాని పనైపోయిందని చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతుంది. వాడుండగా గుమ్మం దాటని మనిషి, ఇవాళ మూటలు మోసుకుంటూ ఆస్పత్రుల చుట్టూ, లాడ్జీల చుట్టూ తిరుగుతుంటే నాకు ముద్ద దిగట్లేదురా. పై గది ఖాళీగానే ఉంది. ఇక్కడే ఉంటుంది, కడుపులో చల్ల కదలకుండా చూసుకుంటాం. బండి ఇదిగో, ఈ పందిట్లో ఉంటుంది. అది వాడి బండిరా. ఎవడో కొనుక్కుపోయి ముక్కలు చేస్తే చూడలేను."

పెద్దన్నయ్య దగ్గి మళ్ళీ చీపురందుకున్నాడు.

చదువు అబ్బక తిరుగుతున్న రోజుల్లో అతన్ని తీసుకెళ్ళి పనిలో పెట్టింది పెద్దన్నయ్యే. షెడ్డుకి స్థలం చూసిందీ ఆయనే. ఆయన మాటకి ఎదురు చెప్పడం అతనికి చేతకాదు. పైగా ఆ పందిరి చూస్తుంటే అతనికీ ఆశ పుట్టింది. వేలంపాటలో కొన్న ఆ బండిని ముగ్గురూ కలిసి ఇంటికి తోసుకొచ్చిన రోజు కళ్ళముందు ఆడింది. వెనక తను, పక్కన ఆఫీసు బూట్లతో పెద్దన్నయ్య, స్టీరింగు దగ్గర నడిపన్నయ్య. "తొయ్యండి, తొయ్యండి, ఇంత బాగా తోస్తారని తెలిస్తే ఇంజను లేని బండే కొనేవాణ్ణి," అని కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు. పెద్దన్నయ్య కూడా నవ్వు ఆపుకోలేక రోడ్డు మధ్యలో కడుపు పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆయన అలా నవ్వడం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

"సరేలే అన్నయ్యా," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పని మొదలుపెట్టాడు. విప్పి చూస్తానన్నాడు కాబట్టి విప్పుతున్నానని తనకి తనే చెప్పుకున్నాడు. ముందు పాత బ్రష్షు కిరసనాయిల్లో ముంచి ఇంజెక్టర్ల చుట్టూ మట్టీ మసీ కడిగాడు. విప్పాక ఒక్క ఇసుక రేణువు లోపల పడ్డా కొంప మునుగుతుంది. పైన అడ్డంగా పోయే సన్నటి రిటర్ను గొట్టం ఊడదీశాడు. లావు గొట్టాల నట్లు పానాతో వదులు చేసి, వాటి మూతులకి శుభ్రమైన గుడ్డపీలికలు కట్టాడు. మొదటి ఇంజెక్టరు కాస్త ఊపగానే వచ్చేసింది. రెండోది బతిమాలితే వచ్చింది. నాలుగోదీ అంతే. మూడోది మాత్రం మసిలో కూరుకుపోయి, సుత్తి కర్రతో తట్టినా, పానాతో అటూ ఇటూ తిప్పినా కదల్లేదు. దాని చుట్టూ నూనె పోసి నాననిచ్చాడు.

ఈ ఇంజను మీదే అతను పని నేర్చుకున్నాడు. తన గురువు దగ్గర పగలంతా తిట్లు తిని, సాయంత్రం నడిపన్నయ్య బండి మీద ఆ పనే సాధన చేసేవాడు. నడిపన్నయ్య పక్కన చేరి, పని చూడకుండా కబుర్లు చెప్పేవాడు. "ఎందుకురా అంత తుడుస్తావు, దానికేమైనా పెళ్ళిచూపులా? నడిస్తే చాల్లే, బిగించెయ్." ఆయనకి ప్రతి పనీ అయిందనిపించడమే.

మధ్యాహ్నం వదిన వచ్చింది. విప్పి వరసగా పెట్టిన ఇంజెక్టర్లని చూసింది. అతను వాటివంక చూస్తూనే మాట్లాడాడు.

"లోపల బాగా అరిగిపోయినట్టుందొదినా. చేయించినా ఎన్నాళ్ళో నడవదు."

"ఇన్నాళ్ళూ బాగానే లాగిందిగా. ఆస్పత్రి ఎత్తు కూడా ఎక్కింది."

"లాగుతుంది గానీ... పాత ఇంజను కదా."

వదిన అతని మొహం వంక కాసేపు చూసింది. తర్వాత బల్లమీది గుడ్డపీలిక ఒకటి తీసి, వేలికి అంటిన నూనె తుడుచుకుని, గుడ్డని మడిచి ఉన్నచోటే పెట్టింది. "సరే అయితే," అని వెళ్ళిపోయింది. ఆమె గట్టిగా నిలదీస్తే బాగుండేదని ఆ సాయంత్రమంతా అతనికి అనిపిస్తూనే ఉంది. అడకత్తెరలో పోకచెక్కకి కనీసం రెండు పక్కలా నొక్కేవాళ్ళుంటారు. తనని నొక్కుతున్నది ఒక పక్క నుంచే, అయినా నలిగిపోతున్నాడు.

ఆ మర్నాడు పెద్దన్నయ్యకి సంగతి చెప్పి రావాలని బయలుదేరాడు. చౌరస్తా దాటుతుంటే వదిన కనిపించింది. ఎక్కడో అద్దెకి తెచ్చుకున్న తోపుడుబండి మీద ఆస్పత్రి మూటలు పేర్చుకుని, ఆస్పత్రికెళ్ళే ఎత్తు మీదికి తోస్తోంది. చీర చెంగు నడుముకి బిగించింది. రెండు చేతులూ చాపి, తల దించి, ఒంటి బరువంతా బండి మీద వేసి అంగుళం అంగుళం ఎక్కిస్తోంది. వెనకనున్న కార్లు హారన్లు కొడుతున్నాయి. సగం ఎత్తులో బండి ఆగిపోయి వెనక్కి జారబోయింది. ఆమె ఒక కాలు చక్రానికి అడ్డం పెట్టి, అలాగే నిలబడి ఊపిరి తీసుకుంది. పైమూట పక్కకి వాలితే మోచేత్తో ఆపింది. ఉతికిన బట్ట మట్టిలో పడకూడదు కదా.

అతను రోడ్డుకి ఇవతల నిలబడిపోయాడు. పరుగెత్తి తోద్దామనుకున్నాడు. కానీ వెళ్ళి పక్కన చెయ్యి వేస్తే ఆమె తలెత్తి చూస్తుంది. ఆ చూపుకి ఏం జవాబు చెప్పాలి? ఈలోగా దారిన పోయే కూలీ ఎవరో ఒక చెయ్యి వేశాడు. బండి కదిలింది. ఆమె ఆ కూలీకి నవ్వుతూ ఏదో చెప్పింది. ఆస్పత్రి అద్దాల డోరు ముందు ఆగి, చెంగుతో మొహం తుడుచుకుని, నవ్వు సర్దుకుని, మూట ఎత్తుకుని వెనక గుమ్మం వైపు వెళ్ళింది.

మెకానిక్కు పెద్దన్నయ్య ఇంటి సందు దాటి ముందుకి పోయాడు. స్పేర్ పార్ట్సు షాపు దాకా వెళ్ళి ఆగాడు. ఈ బండికి వాషర్లు ఇప్పుడెవరు అడుగుతున్నారని షాపాయన నవ్వి, పైఅటక మీంచి దుమ్ము పట్టిన డబ్బా దింపి వెతికాడు. దొరికాయి. కాగితంలో చుట్టి ఇచ్చిన వాషర్లు, రింగులు జేబులో గలగలమంటుంటే అతను షెడ్డుకి వేగంగా నడిచాడు.

మూడో ఇంజెక్టరు నూనెలో నాని మెత్తబడింది. పానా పెట్టి అటొక వీసం, ఇటొక వీసం తిప్పుతూ పోతే చివరికి తడిచెక్కలోంచి మేకు వచ్చినట్టు కీచుమంటూ పైకొచ్చింది. వాషరు లోపలే ఉండిపోయింది. సన్నటి కమ్మీ కొసని కొక్కెంలా వంచి, గ్రీజు పూసి, గుంటలోకి దింపి, చేపకి గాలం వేసినట్టు ఓపిగ్గా తిప్పాడు. నల్లటి రాగి చుట్ట ఒకటి పైకొచ్చింది. లైటు వేసి లోపలికి చూశాడు. అడుగు ఇంకా నున్నగా లేదు. మళ్ళీ కమ్మీ దింపాడు. కాసేపటికి రెండోది వచ్చింది.

ఆ రెంటినీ అరచేతిలో వేసుకుని నిలబడ్డాడు. ఒకదాని మీద ఒకటి. పాతది తియ్యకుండానే దానిమీద కొత్తది పెట్టి ఎవరో బిగించేశారు. కూత పెట్టక ఏం చేస్తుంది?

"తీసేశావా?"

వదిన గుమ్మంలో ఉంది. తోపుడుబండి బయట ఆపి వచ్చినట్టుంది, ఇంకా రొప్పుతోంది.

"నువ్వు పనికిరాదన్నావుగా, ఆ సంగతి తేల్చుకుందామని వచ్చా. అంతేనంటే అమ్మేసి, ఇంకో పాత బండి ఏదైనా చూసిపెట్టు. చిన్నదైనా పర్లేదు."

అతను తెల్లబోయాడు. "ఇది అమ్మేస్తావా? అన్నయ్య బండి..."

"నడవని బండిని ఏం చేసుకోను చిన్నా? పొద్దున్నే ఆ ఎత్తు ఎక్కించేసరికి ప్రాణం పోయింది."

అతను అల్లి పెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా చెదిరిపోయాయి. "నడుస్తుందొదినా," అన్నాడు. "దీనికేం కాలేదు. వాషర్లు పోయాయి, అంతే. రేపటికి బిగించేస్తా."

వదిన స్టూలు లాక్కుని కూర్చుంది.

"పెద్దబావగారు చెప్పమన్నారా?"

అతను తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"పందిరి వేయిస్తున్నారని అక్క చెప్పింది. ఎందుకో అనుకున్నా. ఆయన సంగతి సరే. నువ్వు కూడానా?"

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. ముందు బండి బిగించు, తర్వాత కోప్పడతాలే."

అతను అరచెయ్యి చాపి వాషర్లు చూపించాడు. "ఇదిగో, అసలు జబ్బు ఇది. పాతది లోపలే ఉంచి పైన కొత్తది వేసేశారు. ఎవరు చేశారో గానీ."

వదిన ఆ నల్లటి చుట్టల్ని వేలితో కదిపింది. ఆమె పెదవి వణికింది. ఏడుస్తుందనుకున్నాడు. నవ్వింది.

"ఇంకెవరు, మీ అన్నయ్యే. నువ్వు ఊళ్ళో లేనప్పుడు, లాడ్జీకి మూట అందించాలని తనే విప్పి బిగించేశాడు. నేను నీళ్ళ బకెట్టు పట్టుకుని పక్కనే ఉన్నా. అప్పుడే చెప్పా, చిన్నా వచ్చేదాకా ఆగమని. ఆగితేగా. పాత చొక్కా విప్పకుండా కొత్త చొక్కా తొడుక్కునే మనిషి."

అతనికీ నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంటే ఇంకా ఎక్కువైంది. "నడిస్తే చాల్లే, బిగించెయ్," అన్నాడు నడిపన్నయ్య గొంతుతో. వదిన చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ నవ్వీ నవ్వీ, చివరికి ఒకరి మొహం ఒకరు చూడకుండా కళ్ళు తుడుచుకున్నారు. ఆయన పోయాక ఆయన గురించి ఇంట్లో ఎవరూ ఇలా నవ్వలేదు. పెద్దన్నయ్య దగ్గర ఆయన పేరెత్తితే అందరూ గొంతు తగ్గించేస్తారు.

మర్నాడు అతను పుల్లకి గుడ్డ చుట్టి, గ్రీజు అద్ది, నాలుగు గుంటల అడుగుల్నీ రాగి పళ్ళెం తోమినట్టు తోమాడు. కొత్త వాషర్లు ఒక్కొక్కటే ఇంజెక్టరు ముక్కుకి ఎక్కించాడు. రబ్బరు రింగులకి నూనె రాసి తొడిగాడు. ఒకేసారి బిగించకుండా, ఇటు కొంచెం అటు కొంచెం, నిండుకుండ దించుతున్నంత జాగ్రత్తగా బిగించాడు. వదిన ఆస్పత్రి మూటలు తెచ్చి వ్యానులోకి ఎక్కించి, స్టీరింగు దగ్గర కూర్చుంది.

"సెల్ఫ్ కొట్టొదినా. ఆగమనే దాకా కొట్టు."

గాలి పోవడానికి వదులుగా ఉంచిన నట్ల దగ్గర ముందు నురగ వచ్చింది. బుడగలు చిట్లాయి. తర్వాత డీజిలు శుభ్రంగా చిమ్మింది. ఒక్కో నట్టూ బిగిస్తూ పోయాడు. ఆఖరిది బిగిస్తుండగానే ఇంజను ఒకసారి దగ్గి, తడబడి, అందుకుంది. కూత లేదు. అతను తల వాల్చి చాలాసేపు విన్నాడు. ఆ చప్పుడు వింటుంటే కిటికీలోంచి తల బయటపెట్టి "ఏరా, పెళ్ళికూతురు రెడీయా?" అని ఎవరో అడుగుతారనిపించింది.

అడిగింది పెద్దన్నయ్య. "ఇదేంట్రా?"

బండిని తాడు కట్టి పెరట్లోకి లాక్కెళదామని వచ్చాడాయన. ఆడుతున్న ఇంజను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. తమ్ముడి వంక చూశాడు. మెకానిక్కు పానా తుడవడంలో మునిగిపోయాడు.

"బాగుపడింది బావగారూ," అంది వదిన కిందికి దిగుతూ.

పెద్దన్నయ్య వ్యాను తలుపు పట్టుకుని లోపలికి చూశాడు. ఆయన మొహం వాడిపోయింది. "వాడి తువ్వాలు ఇక్కడ వేలాడుతుండేది. పక్క సీటేదమ్మా? నేనెప్పుడూ అక్కడే కూర్చునేవాణ్ణి."

"తువ్వాలు ఉతికి దాచా. సీటు పీకించేశా బావగారూ, ఇంకో రెండు మూటలు పడతాయని."

"ఇది వాడి గుర్తమ్మా. నీకు..."

"నాకూ గుర్తే. ఆయన దీన్నెప్పుడూ ఒకచోట ఉంచలేదు. పందిట్లో పెట్టి కట్టేస్తే మీకు బండి మిగులుతుంది గానీ ఆయన మిగలడు." ఆమె గొంతులో కోపం ఉంది, కానీ ఎత్తలేదు. "నా మంచికే చూశారు. నన్ను కూడా ఆ పందిట్లోనే పెడదామనుకున్నారు. ఒక్క మాట నన్ను అడిగుంటే బాగుండేది."

పెద్దన్నయ్య తలుపు వదల్లేదు. మెకానిక్కు పానా పక్కన పెట్టి ఆయన వంక చూశాడు. ఇస్త్రీ చొక్కాలో మనిషి సన్నబడ్డాడు. ఇంట్లో తిరగడానికి తప్ప ఎక్కడికీ వెళ్ళాల్సిన పని లేని మనిషి, పొద్దున్నే గెడ్డం గీసుకుని తయారై వచ్చాడు.

వదిన కూడా అదే చూసినట్టుంది. చేతి వాచీ వంక చూసుకుని అంది: "ఆస్పత్రికి టైమవుతోంది. నేను బండి దిగి మూటలు మోస్తుంటే వెనక హారన్లు కొడతారు. దించే మనిషి ఉంటే నాకు పని సగమవుతుంది. మీరు ఖాళీగానే ఉన్నారుగా బావగారూ."

"నేనా?"

"చిన్నాకి షెడ్డుంది. మీకు పందిరే కదా ఉంది."

మెకానిక్కు నవ్వు దాచుకోవడానికి బానెట్ దించాడు. పెద్దన్నయ్య ఏదో అనబోయి, ఆగి, వ్యాను మెట్టు మీద కాలు పెట్టాడు. సీటు లేదు కాబట్టి మూట మీద కూర్చున్నాడు. మూట అణిగి, మోకాళ్ళు గెడ్డం దాకా వచ్చాయి. ఇంజను వింటానన్న వంకతో మెకానిక్కు కూడా వెనక ఎక్కాడు.

వదిన గేరు వేసింది. చౌరస్తా దాటాక బండి ఎత్తెక్కుతుంటే ఇంజను ఒకే శ్రుతిలో లాగింది. పెద్దన్నయ్య మూటల మధ్య అటూ ఇటూ ఊగుతూ కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. "ఇక్కడేరా," అన్నాడు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, "ఇక్కడే తోస్తూ తోస్తూ నేను కూలబడిపోయింది." ఆయన గొంతు తగ్గించలేదు. వదిన విని, "ఆయన చెప్తుండేవారు, మీ బూటు ఊడిపోయిందని," అంది. "ఊడలేదు, తాడు తెగింది. వాడు అన్నీ పెంచి చెప్తాడు," అన్నాడు పెద్దన్నయ్య.

ఆస్పత్రి ముందు వదిన ఇంజను ఆపకుండా కూర్చుంది. పెద్దన్నయ్య ఒక మూట భుజాన వేసుకుని దిగాడు. చొక్కా మడత చెదిరింది. అద్దాల డోరు వైపు నాలుగు అడుగులు వేశాడో లేదో, లోపల్నించి నర్సమ్మ కేకేసింది.

"దుప్పట్లాయనా, ఇటు కాదు. వెనక గుమ్మం."

పెద్దన్నయ్య ఎవరినా అన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. ఒక్క క్షణం అలాగే నిలబడి, మూటని రెండో భుజం మీదికి మార్చుకుని, వెనక గుమ్మం ఎటో వెతుక్కుంటూ నడిచాడు.